దానికివ్వండే!

"ఒసేయ్, బంతి దానికివ్వండే!"

ఆ అరుపుకి మైదానం అవతలి చివర గోల్ దగ్గరున్న పిల్ల కూడా ఉలిక్కిపడింది. అరిచింది కండక్టరమ్మ. కిక్కిరిసిన బస్సుల్లో, వెనక మెట్టు మీద వేలాడేవాడికి కూడా వినపడేలా ఏళ్ళ తరబడి అరిచి అరిచి రాటుదేలిన గొంతు అది.

అరవక ఏం చేస్తుంది? పదకొండో నంబరు చొక్కా వేసుకుని, ఎడమవైపు గీత పక్కన చెయ్యెత్తి నిలబడి ఉంది కూతురు. "ఇక్కడ! ఇక్కడ!" అని పిలుస్తూనే ఉంది. ఒక్కత్తె, ఒక్కటంటే ఒక్కత్తె బంతి ఇటు తన్నదే! కిందటేడు ఈ జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది ఆ పిల్లే.

ఇవాళ ఫైనల్. పెద్ద జట్టులోకి ఒక్క అమ్మాయిని ఎంచుకోవడానికి సెలెక్టరు మేడమ్ నల్లద్దాలు పెట్టుకుని మరీ వచ్చి కూర్చుంది. ఇవాళ ఆమె కంట్లో పడకపోతే మళ్ళీ వచ్చే ఏడే. అప్పటికి కూతురికి వయసు దాటిపోతుంది.

పాపం, పిల్ల ముందే మొత్తుకుంది. వారం నుంచీ అన్నం కెలుకుతూ ఒకటే పాట. "కెప్టెన్‌కి నా మీద కుళ్ళమ్మా. ఫైనల్లో నాకు బంతి రానివ్వదు చూడు."

కండక్టరమ్మ అప్పుడు నమ్మలేదు. ఆ కెప్టెన్ ఎవరనుకున్నారు? 'పొడుగు' అని పిలుస్తారందరూ. ప్రాక్టీసు అవగానే కండక్టరమ్మ ఇంటికే వచ్చి, గిన్నెలో ఏముంటే అది తిని, కూతురి పక్కనే పడి నిద్రపోయే పిల్ల. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే మరి!

"ఏమ్మా, కాస్త మెల్లగా. చెవులు పోతున్నాయి" అన్నాడు ముందు నిలబడ్డ ఎర్రటోపీ. అవతలి జట్టు కోచ్ అతను.

"నీ చెవులు పోతే పోనీ బాబూ. ఇక్కడ నా కూతురి బతుకు పోతోంది!"

పొద్దున మైదానంలోకి రాగానే కూతురే ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చి ఇక్కడ వేసింది. "ఇక్కడైతే నీడ ఉంటుందమ్మా" అంది. ఆ నీడ కాస్తా ఎప్పుడో జరిగిపోయింది గానీ, తన గొడవలో తనుండి కూడా తల్లికి ఎండ తగలకూడదని చూసిన పిల్ల అది. అలాంటి పిల్లకా ఈ అన్యాయం?

అవతలి జట్టులో ఇద్దరు డిఫెండర్లున్నారు. 'గోడలు' అంటారు వాళ్ళని. కిందటేడు ఫైనల్లో వాళ్ళని దాటలేకే ఓడిపోయారు మనవాళ్ళు. ఇవాళ ఆ గోడలు రెండూ కూతురిని జిగురులా పట్టుకుని తిరుగుతున్నాయి.

సగం ఆట అయ్యాక ఎర్రటోపీ ఒక గోడని కేకేశాడు. "నువ్వు మధ్యలోకి వచ్చెయ్. ఆ పదకొండుకి ఎలాగూ బంతి రావట్లేదు."

సరిగ్గా అప్పుడే కండక్టరమ్మ లేచి నిలబడింది. "దాని కాలికి ఒక్కసారి అందనివ్వండే! గోల్ కాకపోతే నా పేరు మార్చుకుంటా!"

ఎర్రటోపీ వెనక్కి తిరిగి ఆమెను ఎగాదిగా చూశాడు. "వద్దులే, అక్కడే ఉండు. వదలొద్దు దాన్ని" అన్నాడు గోడతో.

ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా మైదానం గోలగోలగా అయిపోయింది. పొడుగు మధ్యలోంచి దూసుకెళ్ళి గోల్ కొట్టేసిందట. కండక్టరమ్మ చూడలేదు. ఆమె కళ్ళు గీత పక్కన చెయ్యెత్తి నిలబడ్డ కూతురి మీదే ఉన్నాయి.

ఈల మోగింది. గెలిచారు. గెలిచి ఎవరిని ఉద్ధరించారు? నల్లద్దాల మేడమ్ తిన్నగా పొడుగు దగ్గరికే వెళ్ళి భుజం తట్టింది. "రేపు మీ వాళ్ళని తీసుకుని రామ్మా. సంతకాలు పెట్టాలి" అనేసి వెళ్ళిపోయింది. పక్కనే నిలబడి చప్పట్లు కొడుతోంది కూతురు, సిగ్గూ ఎగ్గూ లేకుండా!

కండక్టరమ్మ కుర్చీ తన్నేసి మైదానంలోకి నడిచింది.

"ఏమే పొడుగూ, నా ఇంట్లో తిని నా కూతురి నోట్లోనే మట్టి కొడతావా? నీకూ దానికీ తేడా చూశానా ఎప్పుడైనా? దాని చోటు లాక్కున్నావు కదే, నీకు మనసెలా ఒప్పింది?"

పొడుగు తల దించుకుని రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి.

"ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం?"

"అమ్మా, ఒక్క మాట..." అంటూ అడ్డొచ్చాడు ఈ జట్టు కోచ్.

"మీరు మాట్లాడకండి సార్! జట్టంటే పదకొండు మంది అని పాఠాలు చెప్తారే, పది మందితో ఆడించారు కదా! రేపట్నుంచి నా కూతురు మీ మైదానం తొక్కితే ఒట్టు."

కూతురి రెక్క పట్టుకుని లాగింది. "నడవ్వే ఇంటికి."

కూతురు కదల్లేదు.

"దాన్నేమీ అనకమ్మా, నాకు బంతి ఇవ్వొద్దని వీళ్ళందరి చేతా ఒట్టు వేయించుకుంది నేనే, ఆ గోడలు రెండూ ఆట అయ్యేదాకా నన్ను వదలకూడదనే నీ కుర్చీ తీసుకెళ్ళి ఆ ఎర్రటోపీ చెవి దగ్గర వేశాను."