చెరువు బడిలో గద్ద పాఠం

ఆ చెరువు బడిలో చదువు చాలా పద్ధతిగా సాగేది. నీళ్లలో మునగడం కప్ప మాస్టారు నేర్పేవారు. గద్దను గుర్తుపట్టి పొదలో దూరడం గట్టు మీద తీతువు పంతులమ్మ నేర్పేది. ఒకరి పాఠంలో ఇంకొకరు వేలు పెట్టేవారు కాదు. అంత మర్యాదస్తులు.

ఆ రోజు బాతు కోటమ్మ కళ్లముందే గద్ద దిగింది. చెరువు నడుమ ఉన్న ఆమె పిల్ల మునగాల్సింది పోయి, పొద కోసం గట్టుకేసి ఈదింది. తోక ఈకలు గద్ద గోళ్లలోకి పోయాయి. కోటమ్మ ఎగిరి పొడవబట్టి ప్రాణం దక్కింది.

కోటమ్మకు ఒళ్లు మండిపోయింది. "మాస్టారూ, గద్దొస్తే మునగమని ఒక్క ముక్క చెప్పలేకపోయారా?"

"మునగడమే నాదమ్మా. గద్ద పంతులమ్మగారిది," అన్నారు కప్ప మాస్టారు.

"గద్ద నాదే. నీళ్లు మాస్టారివి," అంది తీతువు, కాలు తడవకుండా పక్కకు జరుగుతూ.

"ఆ గద్ద మీ ఇద్దరి పాఠాలూ చదివొచ్చింది, సిగ్గులేని వాళ్లారా! రేపట్నుంచి కలిసి చెప్పండి."

"చెప్తాం. మరి ఆ పాఠం ఎవరి పేరు మీద ఉండాలి?" అంటూ ఇద్దరూ అక్కడే తగువుకు దిగారు.

కోటమ్మ ఇక వినలేదు. పిల్లను లోతుకు తీసుకెళ్లి, "గద్ద!" అని అరిచి, ముక్కుతో దాని తల నీళ్లలో ముంచింది.

పిల్ల పైకి తేలి, "అమ్మా, ఇది ఏ పీరియడ్?" అంది.

కోటమ్మ మళ్లీ ముంచింది.