పది అంగుళాల గీత

రామతులసి అనవలసిన మాట కాదది. కానీ అనేసింది.

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రి. రికార్డు రూములో ఆమెది కోడింగ్ పని. డాక్టర్లు రాసింది చదివి, లావుపాటి పుస్తకంలో వెతికి, జబ్బుకో నంబరు, అది వచ్చిన కారణానికో నంబరు వెయ్యాలి.

కాలు కాలితే టి 24. మరుగుతున్నదేదో పొరపాటున మీద పడితే దాని పక్కన ఎక్స్ 12. ఎవరైనా కావాలని కాలిస్తే ఎక్స్ 98.

రెండు వేల ఆరు, ఫిబ్రవరి. మధ్యాహ్నం రెండింటికి ఉయ్యూరు వైపు నుంచి చిన్ని అనే ఆరేళ్ల పిల్లని తెచ్చారు. బెల్లం వండే పెనంలో పడింది. రెండు కాళ్లూ అరికాలి నుంచి పది అంగుళాల దాకా కాలిపోయాయి.

డాక్టర్ సంజీవరావుగారు కేసు షీటులో బొమ్మ గీశారు. మేజోళ్లు తొడిగినట్టు రెండు కాళ్లకీ తిన్నని గీత. ఆ పైన ఒక్క చుక్క చిందిన మచ్చ లేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. రామతులసి హైదరాబాదులో ట్రైనింగ్ అయి వచ్చి నెల కూడా కాలేదు. పొరపాటున పడ్డ పిల్ల గిలగిలా కొట్టుకుంటుంది కాబట్టి మచ్చలు చెల్లాచెదురుగా ఉంటాయని, గీత తిన్నగా ఉంటే ఎవరో పట్టుకుని ముంచారని అనుమానించాలని అక్కడ చెప్పారు.

అనుమానించాలనే చెప్పారు. ఆవిడ తీర్పే ఇచ్చేసింది. ఎక్స్ 98 వేసింది.

పోలీసులకు వెళ్లే కాగితం కోసం పిల్ల తండ్రి కిరీటి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏం రాశారండీ?"

"పాప తనంతట తను పళ్లేదండీ. ఎవరో ముంచారు."

కిరీటి వెనక్కి తిరిగి వరండాలోకి చూశాడు.

అక్కడ బల్ల మీద గడ్డం మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. పిల్లని భుజాన వేసుకుని, ఆటో ఆపి, ఇక్కడిదాకా తెచ్చింది అతనే. ఊరూ పేరూ ఎవరికీ తెలియదు. మూడేళ్లుగా చెరుకు గానుగ ఆడే రోజుల్లో ఊడిపడతాడు. పని చెయ్యడు, కూలి అడగడు. పొయ్యి పక్కన చేరి ఆడుకునే పిల్లల వంకే చూస్తుంటాడు. పిల్లల్ని ఎత్తుకుపోయే బాపతని గానుగ దగ్గర ఆడవాళ్లు అనుకునేవాళ్లు. చిన్ని పడ్డప్పుడు అందరూ చెరుకు బండి దించుతున్నారు. పెనం దగ్గర ఉన్నది అతనొక్కడే.

కిరీటీ, అతని బావమరిదీ, ఇంకో ఇద్దరూ అటు నడిచారు.

మొదటి దెబ్బకి పెదవి చిట్లింది. రెండో దెబ్బకి పన్ను ఊడి పడింది. బల్ల మీంచి కిందికి లాగి పొట్టలో తన్నారు. సెలైన్ స్టాండు తీసుకుని అది వంగేదాకా వీపు మీద బాదారు. కుడికాలి మీదెక్కి చెప్పులతో తొక్కారు.

కాలు తొక్కుతున్నా అతను అరవలేదు. ఆ కాలు వెనక్కి తీసుకోలేదు కూడా.

"ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎంత రాటుదేలాడో చూడు బావా," అన్నాడు బావమరిది.

ఆ కాలి పంట్లాం పాకం ఎండి బిరుసెక్కి ఉంది. ఈగలు ముసురుతున్నాయి. పిల్లని మోస్తే అంటిన పాకమనుకున్నారు.

అతను నోట్లో నెత్తురు ఉమ్మి ఒకే మాట అడిగాడు.

"పాపకెట్టా ఉంది?"

అది విని కిరీటికి ఒళ్లు తెలియలేదు. జుట్టు పట్టుకుని తలని బల్ల అంచుకేసి కొట్టాడు. ఎన్నిసార్లో అతనికీ లెక్క తెలియదు. వాచ్‌మన్లు వచ్చి విడదీసేసరికి గచ్చు ఎర్రగా అయింది. రామతులసి కిటికీ రెక్క మూసి లోపల కూర్చుంది.

మర్నాడు పదకొండింటికి ఆ గడ్డం మనిషి చనిపోయాడు. కిరీటిని పోలీసులు తీసుకెళ్లారు.

సాయంత్రానికి చనిపోయినతని కేసు షీటు రామతులసి దగ్గరికి వచ్చింది. జేబులో దొరికిన రేషన్ కార్డు చూసి పేరు రాశారు. పేరయ్య, పామర్రు.

తలకి కోడ్ వేసింది. విరిగిన పక్కటెముకలకి వేసింది. పేజీ తిప్పితే కాలి బొమ్మ కనిపించింది.

పంట్లాం కత్తిరిస్తే గానీ బయటపడలేదట. గుడ్డకి పట్టిన పాకం లోపల్లోపలే కాల్చేసింది. కుడికాలు చుట్టూతా లోతుగా కాలి నరాలు చచ్చాయని, తాకినా తెలియదని సంజీవరావుగారు రాశారు. అరికాలి నుంచి పది అంగుళాలు. తిన్నని గీత.

రామతులసి చిన్ని షీటు తెచ్చి పక్కన పెట్టుకుంది. అక్కడా పది అంగుళాలే. పెనంలో పాకం లోతు అంతన్నమాట.

పిల్ల దగ్గర పాకం ఎందుకు చిందలేదో అప్పటికి తెలిసింది. అది కొట్టుకునే లోపలే ఒక మనిషి మరిగే పాకంలో కాలు పెట్టి నిలువుగా పైకెత్తేశాడు.

నేనే చంపించాను, అనుకుంది. అబద్ధమేమీ కాదు.

చిన్ని షీటులో ఎక్స్ 98 కొట్టేసి ఎక్స్ 12 రాసింది. కోడ్ మారితే ఆ కేసు వివరాలు రాసిన కార్డు కూడా ఒక డబ్బాలోంచి తీసి ఇంకో డబ్బాలో పెట్టాలి. ఎక్స్ 12 డబ్బాలో బెల్లం పెనాల కేసులన్నీ ఒక్కచోట ఉంటాయి. పెద్దగా లేవు, నాలుగో అయిదో. చిన్ని కార్డు పెట్టబోతూ ముందున్న కార్డు చూసింది.

నాలుగేళ్ల కిందటిది. ఆడపిల్ల, వయసు అయిదు. చేరిన రెండో రోజు చనిపోయింది. ఊరు పామర్రు.

తండ్రి పేరు పేరయ్య.