అరిగిన వేలు

సుమన కాపురం పారిస్‌లో. ఉద్యోగం కోసం నెలకోసారి లండన్ వెళ్లాలి. ఈసారి రైలెక్కే ముందు తనిఖీలో మిషన్ మీద ఆమె వేలిముద్ర పడలేదు. మూడుసార్లూ ఎర్రదీపమే.

నెలరోజులు కమ్మర్‌పల్లిలో తల్లితో పాటు పసుపు కొమ్ములు విరిచి నిన్ననే వచ్చింది. వేలికొసలు అరిగి నున్నబడ్డాయి.

“అసలీ పాస్‌పోర్టు మీదేనా?” అన్నాడు అధికారి. “ఆఖరిసారి పెట్టండి.”

సుమన, తల్లి నూనె రాసి దువ్విన తన జుట్టుకు బొటనవేలు గట్టిగా రుద్ది, మిషన్ అద్దం మీద అదిమింది. పచ్చదీపం వెలిగింది.

రైల్లో కూర్చుని తల్లికి ఫోన్ చేసింది. “అవ్వా, మొన్న రేషన్ దుకాణంల నువ్వు ఏలు నెత్తికి రుద్దుకుంటే అందరి ముంగట కసిరిన గదా. నీకు నెలనెలా గింత భయమైతదా?”

“అయ్యో! నీ ఏలు గూడ పడ్తలేదా, బిడ్డా?”