పొద్దుటి సూది

మునిప్రసాద్ పిల్లిని నేలకేసి అదిమి, దవడలు విడదీసి, నోట్లోకి వేళ్లు తోశాడు. గిలగిల కొట్టుకుంటున్న పిల్లి అతని వేలిని ఎముక దాకా కొరికింది.

చప్పుడు విని వచ్చిన లోకేశ్వరి ఒక్క మాట కూడా అనకుండా పప్పుగుత్తితో భర్త తల మీద కొట్టింది. నెత్తురు కంట్లోకి దిగినా అతను పిల్లిని వదల్లేదు. ఆమె మళ్లీ కొట్టింది.

పిల్లి మెల్లగా నిమ్మళించి, అతని వేళ్లకంటిన బెల్లంపాకం నాకసాగింది.

"దీనికి సుగర్ పడిపోయిండాది," అన్నాడు మునిప్రసాద్ గోడకు చేరగిలబడి. "తిరుపతి పశువుల డాక్టరు సెప్పినట్టే పొద్దున ఇన్సులిన్ సూది ఏసినానే."

లోకేశ్వరి చేతిలోంచి పప్పుగుత్తి జారిపోయింది.

"నేనూ ఏసినాను."

"నాతో ఒక్క మాట సెప్పింటే సరిపోయేది కదా?"

"మన ఇద్దరికీ వారంగా మాటల్లేవు గదా," అంది లోకేశ్వరి, అతని నుదుటి మీద కొంగు అదుముతూ.