ఆ డాక్టరు చెయ్యి

“ఎవరమ్మా చేసింది ఈ ఆపరేషను? పొర మరీ పలచగా వదిలేశారు!” అన్నాడు కంటి డాక్టరు.

బల్ల మీద పడుకున్న దర్జీ పెద్దమ్మ నవ్వింది.

“పాత కుట్టు విప్పేవాళ్ళు ముందు కుట్టినవాళ్ళని తిట్టడం మామూలే బాబూ. నలభై ఏళ్ళు నేనూ అదే చేశాను. కానీ ఆయన్ని మాత్రం ఏమీ అనకండి. దేవుడు.”

డాక్టరుకి ఒళ్ళు మండింది. పొద్దుట్నుంచి ఆ మాట వినడం ఇది నాలుగోసారి.

తొమ్మిదేళ్ళ కిందట ఇదే ఆసుపత్రిలో ఆవిడకి గ్లకోమా ఆపరేషను జరిగింది. కంట్లో ఒత్తిడి తగ్గడానికి పై రెప్ప కింద నీటికి చిన్న దారి చేశారు. ఇప్పుడు ఆ దారి మీది పొర చిల్లుపడి కారుతోంది. చిల్లు పడ్డచోట కోసేసి, పక్క పొర లాగి కుట్టాలి. ఆవిడకి చూపున్నది ఆ ఒక్క కన్నే. గుండె బలహీనం, పూర్తి మత్తు ఇవ్వడానికి లేదు.

సూది దగ్గరికి రాగానే ఆవిడ తల అదిరింది.

“కదిలితే కన్ను పోతుందమ్మా!”

“నా చేతుల్లో ఉందా బాబూ? ఆయనైతే కబుర్లు చెబుతూ నన్ను కదలనివ్వలేదు.”

“కబుర్లు చెబుతూ కుట్టబట్టే ఇప్పుడిలా కారుతోంది!”

అనేశాడే గానీ కడుపుమంట చల్లారలేదు. తను కోసిన వేలమందిలో ఒక్కరూ తనని దేవుడనలేదు.

మళ్ళీ అదిరింది తల. డాక్టరు సూది పక్కన పెట్టేశాడు.

“సిస్టర్, పాత ఫైలు తీయండి. ఆ మహానుభావుడెవరో పిలిపిద్దాం. ఆయన కుట్టు ఆయనే కుట్టుకుంటాడు.”

నర్సు ఫైలు తెచ్చి, పేజీ తిప్పి, నీళ్ళు నమిలింది.

“మీ సంతకమే సార్.”

డాక్టరు మొహం వెలిగిపోయింది. పొర పలచగా వదిలేసిందీ తనేనన్న సంగతి ఆ క్షణాన తట్టనే లేదు.

“అమ్మా, ఆ డాక్టర్ని నేనే!”

“మీరా? కాదు బాబూ. కళ్ళకి గుడ్డ కప్పారు గానీ, ఆపరేషనంతా ఆయన చెయ్యి పట్టుకునే పడుకున్నాను. ఆ చేతికి ఆరు వేళ్ళు.”

నర్సు తల దించుకుంది.

ఆపరేషను మధ్య ఈ వాగుడేమిటని, తొమ్మిదేళ్ళ కిందట ఆ మర్నాడే డాక్టరు గేటు దగ్గరికి మార్పించిన ముసలి అటెండరు చనిపోయాడని పోయిన నెల నర్సు చెప్పినప్పుడు, డాక్టరు “ఎవరూ, ఆ ఆరు వేళ్ళవాడా?” అన్నాడే తప్ప తలెత్తి కూడా చూడలేదు.