హీరోయిన్ గొంతు

“మళ్లీ నోరు మూసుకున్నావేంటమ్మా?” హెడ్‌ఫోన్లో డైరెక్టర్ విసుక్కున్నాడు. “అక్కడ మొగుడు చెంప పగలగొడుతుంటే నువ్విక్కడ ధ్యానం చేస్తున్నావా?”

డబ్బింగ్ గదిలో, మైకు ముందు, ఆమె కదల్లేదు. తెరమీద సీరియల్ హీరోయిన్, పైకి లేచిన చెయ్యి ఎదుట బొమ్మలా ఆగిపోయి ఉంది.

“ఊపిరి ఇచ్చాను సార్. దెబ్బ పడగానే బిగబట్టే ఊపిరి.”

“ఊపిరి ఎవడిక్కావాలి? ‘అమ్మా’ అని కేక పడాలి. వెనకాలే వెక్కిళ్లు. చూసేవాళ్ల కడుపు తరుక్కుపోవాలి.”

పన్నెండేళ్లుగా ఈ స్టూడియోలో ఆమెకిచ్చేవి గయ్యాళి ఆడపడుచుల గొంతులు, సవతుల నవ్వులు. హీరోయిన్ గొంతు దక్కడం ఇదే మొదలు. నిలబెట్టుకుంటే నాలుగేళ్ల పని. బయట బెంచీ మీద ఇంకో అమ్మాయిని అప్పుడే కూర్చోబెట్టారు.

తెరమీద బొమ్మ నాలుగోసారి కదిలింది. చెయ్యి లేచింది. ‘అమ్మా’ అనడానికే ఆమె నోరు తెరిచింది. మెడ నరాలు బిగిశాయి, భుజాలు చెవుల దాకా లేచాయి. గొంతు మాత్రం తనకు అలవాటైన పనే చేసింది. చప్పుడు కాలేదు.

“చూడమ్మా,” డైరెక్టర్ ఈసారి బుజ్జగించాడు. “మంచిదైతే ఏడుస్తుంది. ఏడవకుండా గుడ్లప్పగించి చూసేది విలన్. జనానికి మనం నేర్పిన లెక్క ఇది. నీకింకా పాత వేషాల వాసన పోలేదు.”

“పక్క గదిలో పిల్లలుంటారు కద సార్. లేస్తారని... ఎవరూ అరవరు.”

“దీనికి పిల్లల్లేరు. స్క్రిప్టు చదివావా అసలు?”

అద్దం అవతల అసిస్టెంట్లు కిసుక్కున నవ్వారు. ఆమె తల దించుకుంది. చెప్పకూడనిదేదో చెప్పేసినట్టు ఒళ్లంతా వేడెక్కింది.

నవ్వనిది సౌండ్ రికార్డిస్టు ఒక్కడే. అందరికీ బాబాయ్. ఎవరిమీదా గొంతు పెంచడు. ఆమె గొంతు బొంగురుపోతే అడక్కుండానే వేడినీళ్లు తెచ్చిస్తాడు. ఇలాంటి మనిషి ఉన్న ఇల్లు ఎంత నిమ్మళంగా ఉంటుందో అని ఆమె చాలాసార్లు అనుకుంది. తలెత్తితే అతను తననే చూస్తున్నాడు. నమ్మినవాడి చూపు.

“బయట అమ్మాయిని పిలవండ్రా,” అన్నాడు డైరెక్టర్.

“ఒక్క నిమిషం సార్.” బాబాయ్ హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకున్నాడు. “అమ్మడు చెప్పిందే నిజం. ఆ కేకలూ వెక్కిళ్లూ సీరియళ్లలోనే. అలాగే ఉంచండి, బావుంటుంది.”

ఆమెకు కళ్లు చెమర్చాయి.

“నీకెలా తెలుసు బాబాయ్?” అన్నాడు డైరెక్టర్.

“మా ఆవిడ్ని చూస్తున్నాగా,” అన్నాడతను, ఎప్పటిలాగే మెల్లగా. “పాతికేళ్లుగా కొడుతున్నాను, ఒక్కనాడూ కిక్కురుమనలేదు.”