ఎనిమిదో ఆజ్ఞకు నీలం రేకులు

డెర్బీషైర్, జూలై 1911

హెస్టర్ అక్కా,

నా అక్షరాలు కోడి గీకినట్టుంటాయి, తప్పులుంటే నవ్వకు.

నీళ్లిచ్చే బావికి ఏటా కట్టే పూలరేకుల పటం ఈసారి మా అత్తగారి పెత్తనంలో పడింది. తడిమట్టి పలక మీద రేకులు అద్ది చేసిన మోషే, ఆయన చేతిలో దేవుడి పది ఆజ్ఞలు. "దొంగిలించకూడదు" అన్న అక్షరాలకు నీలం రేకులు చాలలేదు. రేకులకు బదులు రంగు పూస్తే ఊరంతా నవ్వుతుంది. నీలం పూలున్నది పాదిరిగారి తోటలోనే.

"ఆయన ప్రార్థనలో ఉంటారు. వెళ్లి కోసుకురావే, దేవుడి పనేగా," అన్నారు అత్తగారు.

పటాన్ని దీవించడానికి వచ్చిన పాదిరిగారు సరిగ్గా ఆ అక్షరాల ముందే ఆగారు.

"ఈ నీలం ఎక్కడిదమ్మా?"

"మా కోడలు తెచ్చింది. నాకేం తెలుసు పాదిరిగారూ," అన్నారు అత్తగారు.

ఆయన నా వైపు వంగి మెల్లగా అన్నారు. "నా తోటవని ఎవరికీ చెప్పకు తల్లీ. దొరగారు తన తోటలో ఈ నీలం పూల మొక్క కొమ్మ విరుచుకుపోయిందెవరా అని మూడేళ్లుగా వెతికిస్తున్నారు."

తర్వాత గొంతెత్తి, ఆ ఆజ్ఞ మీదే గంటసేపు ప్రసంగించారు.

నువ్వు వంట చేసేది ఆ దొరగారింట్లోనే కదా అక్కా. చదవగానే ఈ ఉత్తరం పొయ్యిలో వేసెయ్యి.